గేర్ బాక్స్ మాడితే డ్రైవర్ జీతం కోస్తారా?

పోస్టు కొంచెం పొడుగుంది. చాయ్ తాగుతూనైనా చివరిదాకా చదవండి.

పోయిన ఆదివారం మీటింగులో మన సభ్యుడొకరి పాత జేసీబీ సంగతి వచ్చింది. మొరం లోడింగు మధ్యలో బండి ఆగింది. ముందుకు పోదు, వెనక్కి రాదు. విప్పి చూస్తే గేర్ బాక్సులో క్లచ్ ప్లేట్లు మాడి ఉన్నాయి. రిపేరు ఖర్చులో సగం డ్రైవర్ జీతంలోంచి నెలనెలా కోయాలని పెద్దలు తేల్చేశారు. "రఫ్‌గా నడిపిండు" అన్నారు, అంతే. మేము ముగ్గురం అడ్డం చెప్పాం, ఎవరూ వినలేదు. మా ముగ్గురికీ పాత బండ్లే ఉన్నాయి, కిస్తీల బాధ మాకూ తెలుసు. అయినా ఇది అన్యాయం. ఆ డ్రైవర్ కూడా మనలాగే పొట్ట చేతబట్టుకుని బీదర్ వచ్చినవాడు, మనతో సమానంగా చందా కట్టే సభ్యుడు.

గేర్ బాక్స్ ఆయిల్ ఎప్పుడు మార్చారని అడిగితే వచ్చిన జవాబు: "తగ్గినప్పుడల్లా పోస్తున్నాం కదా." పోయడం వేరు, మార్చడం వేరు అన్నా! పాచిపోయిన చారులో చెంబెడు నీళ్లు పోస్తే కొత్త చారవుతుందా?

మనలో చాలామంది లారీల మీద నుంచి ఈ పనిలోకి వచ్చాం. లారీ గేర్ బాక్సులో ఆయిల్ పని ముఖ్యంగా గేరు పళ్లు అరగకుండా చూడటం. పాత జేసీబీలో ఉండే షటిల్ గేర్ బాక్స్ అట్లా కాదు. టార్క్ కన్వర్టర్‌లో ఇంజను బలాన్ని గేర్లకు అందించేదే ఆయిల్. ముందుకు ఒక క్లచ్, వెనక్కి ఒక క్లచ్. ఆ ప్లేట్లను నొక్కి పట్టేది ఆయిల్ ప్రెషర్. వేడిని కూలర్‌కు మోసేదీ అదే ఆయిల్. తవ్వేటప్పుడు బండి కాళ్లు దించి నిలబడి ఉంటుంది, గేర్ బాక్సుకు పెద్ద పని లేదు. టిప్పర్‌కు మొరం ఎత్తేటప్పుడు చూడండి. ముందుకు, వెనక్కి, ముందుకు, వెనక్కి, పొద్దుగూకేదాకా! ప్రతిసారీ ప్లేట్లు కొంచెం రాసుకుంటాయి, ఆ పొడి ఆయిల్లోనే కలుస్తుంది. ఫిల్టరు పట్టినంత పడుతుంది. జాలి మూసుకుపోతే పంపుకు ఆయిల్ అందదు, ప్రెషర్ పడిపోతుంది, ప్లేట్లు జారి మాడతాయి. సీట్లో ఎంత నెమ్మదస్తుడు కూర్చున్నా మాడతాయి.

ఈ రకం బాక్సుకు మామూలుగా 1000 గంటలకోసారి ఆయిల్ మార్చాలి. రోజుకు 8 గంటలైతే 125 రోజులు, అంటే నాలుగు నెలలు దాటగానే. ఆ బండికి అవర్ మీటరే పనిచేయదు! మీటరు బాగుచేయించకుండా గంటల లెక్క డ్రైవర్‌ను అడుగుతామా?

"పాత బాక్సుకు కొత్త ఆయిల్ పడదు, మారిస్తే జారుతుంది" అని మీటింగులో ఒకరన్నారు. జహీరాబాద్ షెడ్లలోనూ ఈ మాట విన్నాం. ఊరికే పుట్టిన మాట కాదు, మార్చిన వారానికే జారిన బండ్లున్నాయి. కానీ వాటికి మార్చింది ఎప్పుడు? ఏళ్ల తరబడి వదిలేసి, ప్లేట్లు అరిగాక. అరిగిన ప్లేటును ఏ ఆయిల్ మళ్లీ మందం చేస్తుంది? ప్రాణం పోయే ముందు దవాఖానకు తీసుకపోయి డాక్టరే చంపిండన్నట్టుంది.

ఇంకొకటి. ఏ కంపెనీ బండినైనా మనం జేసీబీ అనే అంటాం. నిజానికవి జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ అనే ఇంగ్లండు ఆయన పేరులోని పొడి అక్షరాలు. పిలుపు వరకు ఫరవాలేదు గానీ ఆయిల్ దగ్గర ఆ అలవాటు కొంప ముంచుతుంది. షటిల్ బాక్సుకు పల్చటి ఆయిల్ కావాలి. అందులో లారీలకు వాడే 90 నంబర్ పోసినవాళ్లను చూశాం. బండి పుస్తకంలో ఏ గ్రేడు ఉంటే అదే పోయాలి.

మార్చడం బ్రహ్మవిద్యేం కాదు. బండి వేడి మీదున్నప్పుడు చదునైన చోట నిలిపి, బకెట్లు నేలకు దించి, ఇంజను ఆపి ఆయిల్ వదలాలి. చేతులు కాలకుండా చూసుకోండి. జాలి కడిగి, కొత్త ఫిల్టరు వేయాలి. కన్వర్టర్‌లో, కూలర్‌లో కొంత పాతది మిగిలిపోతుంది కాబట్టి మొత్తం కెపాసిటీ ఒకేసారి పోయొద్దు, గేజు చూసుకుంటూ పోయాలి. గేజు ఇంజను నడుస్తుండగా చూడాలా, ఆపాక చూడాలా అనేది మోడల్‌ను బట్టి ఉంటుంది. దిగింది మరీ నల్లగా ఉంటే కొన్ని గంటలు నడిపి మళ్లీ మార్చండి. మేము అట్లే చేశాం.

దిగిన ఆయిలే సాక్ష్యం చెబుతుంది. పాల చాయ్ రంగులో ఉంటే నీళ్లు చేరినట్టు. నల్లగా మాడు వాసన కొడితే క్లచ్ ప్లేట్లు పోయినట్టు. ఇత్తడి మెరుపు బాగా కనిపిస్తే అప్పుడు డ్రైవర్‌ను అడగండి, డంప్ బటన్ నొక్కకుండా గేర్లు మార్చాడేమో. అడగాల్సింది అడగొద్దని మేము అనడం లేదు.

ఆ బండి నుంచి దిగిన ఆయిల్ సీసాలో పట్టి పెట్టాం, మూసుకుపోయిన జాలి కూడా మా దగ్గరే ఉంది. వచ్చే ఆదివారం రెండూ తెస్తాం. అప్పటిదాకా జీతం కోత ఆపండి. ఈసారి డ్రైవర్‌ను కూడా పిలవండి, పోయిన మీటింగులో అతను లేకుండానే తీర్పు అయిపోయింది.