‘గట్టి మనిషి’ అన్న మాట వైద్యం కాదు

తొంభై ఏళ్ల పల్లెటూరి అవ్వను చూపి “జొన్నరొట్టె తిన్నది, చేనిలో కష్టపడ్డది, ఆసుపత్రి గడప తొక్కకుండానే నూరేళ్లకు దగ్గరైంది” అని మురిసిపోవడం మనకు అలవాటు. ఆ మురిపెంలో ఒక అన్యాయం దాగి ఉన్నది. బతికి బట్టకట్టిన ఒక్కరిని లెక్కించి, మధ్యలోనే రాలిపోయిన వారందరినీ మరచిపోతున్నాము.

సూలగిత్తి నరసమ్మగారిని తలచుకోండి. సూలగిత్తి అంటే కన్నడంలో మంత్రసాని. కర్ణాటకలోని పావగడ తాలూకాలో ఒక సంచార కుటుంబంలో 1920లో పుట్టిన ఆమె మాతృభాష తెలుగు. చదువుకునే అవకాశం దొరకలేదు. 12వ ఏటనే పెండ్లి. ఏడు దశాబ్దాల పాటు, పైసా ప్రతిఫలం పుచ్చుకోకుండా, 15,000కు పైగా కాన్పులు చేశారు. 2018లో పద్మశ్రీ అందుకొని, అదే సంవత్సరం డిసెంబరు 25న 98 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

“కష్టజీవికి ఆయుష్షు ఎక్కువ” అనడానికి ఇటువంటి జీవితాలను సాక్ష్యంగా తెచ్చేవారు ఇంకొక లెక్కను కూడా చూడాలి. నరసమ్మగారు కన్న 12 మంది బిడ్డలలో నలుగురు పసితనంలోనే పోయారు. ఆమె కాన్పులు చేయడం మొదలుపెట్టిన రోజులలో, అంటే 1941-51 దశకంలో, భారతీయుల సగటు ఆయుర్దాయం సుమారు 32 ఏళ్లు. పసిబిడ్డల మరణాలు, బాలింత మరణాలు, అంటువ్యాధులు ఆ సగటును అంత కిందికి దించాయి. నేడది 70 ఏళ్లకు చేరిందంటే టీకాలు, శుభ్రమైన నీరు, సూక్ష్మజీవులను చంపే మందులు, ఆసుపత్రి కాన్పులే ప్రధాన కారణాలు. పేదరికం ఎవరి ఆయుష్షునూ పెంచలేదు.

ఇక మన శంషాబాద్‌కు రండి. 2008 మార్చిలో మొదలైన విమానాశ్రయానికి సుమారు 5,500 ఎకరాలు పోగా, చుట్టుపక్కల మిగిలిన చేలలో నేటికీ వంగి కలుపు తీసేది, ఆకుకూరలు కోసి కట్టలు కట్టేది ఎక్కువగా స్త్రీలే. అటువంటి రైతు కుటుంబాల నుంచే ఆశా కార్యకర్తలూ వస్తారు. తెల్లవారకముందే పొయ్యి, ఆపైన చేను, తరువాత గర్భిణుల ఇళ్లు, పసిపిల్లల టీకాలు, అర్ధరాత్రి ఎవరికైనా నొప్పులు వస్తే 108 బండిలో తోడు. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ఈ వ్యవస్థను తెచ్చినప్పుడు వారిని గౌరవ స్వచ్ఛంద సేవకులన్నది. వారికి అందేది జీతం కాదు, ప్రోత్సాహకం. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశపు ఆశా కార్యకర్తలందరికీ పురస్కారం ప్రకటించింది. సంతోషమే. అయితే పురస్కారంతో మోకాలి నొప్పికి మందు కొనలేము.

దీర్ఘాయుష్షు వేరు, ఆరోగ్యం వేరు. వరుస కాన్పుల తరువాత విశ్రాంతి లేక బరువులు మోసిన శరీరానికి వార్ధక్యంలో మోకీళ్లు అరుగుతాయి, ఎముకలు గుల్లబారతాయి, గర్భసంచి జారుతుంది. ఏళ్ల తరబడి కట్టెల పొగ పీల్చినవారికి, చుట్టబీడీలు ముట్టకున్నా ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ స్త్రీలలో సగానికి మించి రక్తహీనత కనిపించింది. ఆ లెక్క 15 నుంచి 49 ఏళ్ల వారిది. యాభై దాటిన స్త్రీ రక్తం ఎంత పలచబడిందో ఆ సర్వే అడగనే లేదు!

ఆశా కార్యకర్తకు జీతం, వృద్ధాప్యంలో పింఛను ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత. ఇంట్లో ఉన్న అవ్వ ఆరోగ్యం మన బాధ్యత. 30 ఏళ్లు దాటినవారికి రక్తపోటు, మధుమేహ పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఉచితంగా చేస్తారు. హిమోగ్లోబిన్ కూడా చూపించండి. ముట్లుడిగిన తరువాత ఒక్క చుక్క రక్తం కనిపించినా, దగ్గితే మూత్రం జారుతున్నా, కింద ఏదో జారినట్లున్నా సిగ్గుపడి దాచుకోవద్దని చెప్పండి. ఇవన్నీ “వయసు మీదపడితే మామూలే” అని సరిపెట్టుకోదగినవి కావు, చికిత్స ఉన్నవి.

ఈసారి మీ అవ్వను ‘గట్టి మనిషి’ అని పొగిడే ముందు, ఆమె రక్తపోటు చివరిసారి ఎప్పుడు చూశారో ఇంట్లో అడగండి. ఎవరూ జవాబు చెప్పలేకపోతే, రేపు ఉదయమే ఆమెను వెంటబెట్టుకొని బయలుదేరండి.