మేడి మీది నునుపు

పాత కర్రకు ఇయ్యాల మస్తు గిరాకి. కూలిన గడీల దర్వాజలు, దూలాలు, బండి చక్రాలు, నాగళ్లు లారీలకెక్కి పట్నం చేరుతున్నయి. రిసార్టు గోడకు నాగలి వేలాడదీసి లైటు పెడ్తరు. ఎంత అందంగా పాతబడిందో అని మురిసేటోళ్లను అడుగుతున్న: ఎవరి చేతుల్లో పాతబడ్డది?

నేను సర్కారు బడిలో సైన్సు చెప్పే పంతుల్ని. ఎండలోని అతినీలలోహిత కిరణాలు కర్రలోని లిగ్నిన్‌ను విరగ్గొడ్తయి, వాన దాన్ని కడిగేస్తది. మెత్తటి భాగం ముందు అరిగి, గట్టి భాగం చారలు చారలుగా పైకి తేల్తది. రంగు బూడిదబారుతది. ఇదంతా ఎండావానల పని. కానీ మేడి మీది నునుపు ఎండది కాదు, వానది కాదు. జీతగాని అరచేతిది. మా తాత పదేండ్లప్పుడు అప్పు కింద దొర దగ్గర జీతానికి కుదిరిండు. వెట్టిచాకిరి రద్దు చట్టం 1976లో గానీ రాలేదు. నాకు ఊహ తెలిసేనాటికి మేడి పట్టిన ఆ చెయ్యి పూర్తిగ తెరుచుకునేది కాదు. అన్నం ముద్ద కూడ ఆ వంకర పిడికిట్లనే.

గడీ దర్వాజ సంగతి వేరే. టేకుది, నీడపట్టున పెరిగింది. దాని గడప నడుమ పడ్డ గుంటను చేత్తో తడిమి చూస్తరు. అది మా కాళ్లకు అరిగిన గడప కాదు. మావోళ్లు వాకిట్ల నిలబడ్డరు.

నిజంగా ఎండావానలు తిన్న కర్ర మా గుడిసెలది. వేప నిట్టాడు, తాటి వాసాలు, పొయ్యి పొగ, చెదలు. దానికి లేని చార లేదు. అయినా కొనేటోడు మా వాడకు రాడు. మాది కూలితే కట్టెల మోపు, వాళ్లది కూలితే యాంటిక్.

పాతది దొరక్కపోతే కొత్తదానికి ముసలితనం పూస్తరు. ఇనుప పీచు వెనిగర్ల నానబెట్టి ఆ నీళ్లు పూస్తే కర్రలోని టానిన్‌తో కలిసి నల్లబడ్తది. తీగ బ్రష్షుతో గీకితే చారలు లేస్తయి. ఒక్క పూటలో వందేండ్లు!

పొయ్యిల పడకుండ కాపాడుతున్నరు, ఓ చెట్టన్న బతుకుతది గదా అంటడు నా తోటి టీచరొకాయన. చెట్టు బతికితే నాకూ సంతోషమే. వాడుకోండి, బల్లలు చేస్కోండి. కానీ 'పల్లె అందం' అని చీటీ అంటించకండి. దున్నినోని కులం రాయండి. ఏడాది జీతం ఎన్ని కుంచాల జొన్నలో, మీద అప్పెంతో రాయండి.

మా తాత దున్నిన నాగలి ఏ గోడ మీదున్నదో నాకు తెల్వదు. గడీ అమ్మిన్నాడు పనిముట్లన్నీ పోయినయి. నాగలి దొరది గనుక పైసలు దొర మనుమలకే ముట్టినయి.