చెలిమికి బహుమానము



రెండు రాజ్యములకు నడుమ మైత్రి కుదిరినపుడు దానిని వేడుకగా జరుపుకొనుట యీ కాలపు టాచారము. ఒడంబడిక వ్రాసికొన్న దినమున సభలు చేయుదురు. జెండాలను జంటగా నెగురవేయుదురు. ఆ మైత్రికి దోడ్పడినవారికి పతకములును బహుమానములును నొసగుదురు. ఈ నెల మే మట్టి బహుమానములను గూర్చి ముచ్చటింపదలచితిమి. ఆడువారికి రాచకార్యములతో నేమి పనియని కొంద ఱనవచ్చును. వియ్యపువారి పొత్తు నిలువబెట్టుట యెంత కష్టమో యెఱిగినవారము మనమే గదా!

ఫ్రాన్సు జర్మనీల మైత్రికంటె నిందుకు దగిన తార్కాణము మాకు గానరాదు. 1870, 1914, 1939 - డెబ్బది యేండ్లలో ముమ్మా ఱా రెండు దేశములును యుద్ధమునకు దిగినవి. తాత యొక యుద్ధమున, తండ్రి యింకొక యుద్ధమున, కొడుకు వేఱొక యుద్ధమున బోయిన యిండ్లు ఉభయపక్షములందును గలవు. అట్టి పగ చల్లారి, 1963 జనవరి 22వ తేదీన పారిసులోని ఎలీజే మందిరమున ఫ్రెంచి రాష్ట్రాధ్యక్షుడగు షార్ల్ ద గోల్, పశ్చిమజర్మనీ ఛాన్సలరగు కొన్రాడ్ అడెనవర్ మైత్రిపత్రముపై చేవ్రాళ్లు చేసిరి. అంతకు ముందటియేడు జూలైలో వారిరువురును రాన్స్ నగరమందలి ప్రాచీన క్రైస్తవాలయమున గలిసి ప్రార్థన చేసిరి. 1945లో జర్మను సేనాపతులు తమ యోటమి నొప్పుకొనుచు సంతకము చేసిన దా యూరనే. ఆ యూరిని వారు వెదకి యేర్చుకొన్నట్లే మాకు దోచుచున్నది.

పత్రమునకు ఫలముగా నా యేడే ఫ్రెంచి-జర్మను యువజన కార్యాలయము వెలసెను. బడిపిల్లలును పడుచువారును నొక దేశమునుండి యింకొక దేశమునకు బోయి, అచటివారి యిండ్ల బసచేసి, భాష నేర్చుకొని వచ్చుటకు నది సాయపడును. ఇంతవఱకు దొంబదిలక్షలమందికి మించి దాని మూలమున రాకపోకలు సలిపిరి. మాకీ పని మిక్కిలి నచ్చినది. ఒక యింటి తల్లిచేతి యన్నము పదిదినములు దిన్న బిడ్డకు మఱునా డా యింటిపై దుపాకి యెత్తుటకు జేతులాడవు.

అయినను మైత్రి దొరలు సంతకము చేసిన దినముననే పుట్టినదని తలపరాదు. మోంబెలియార్ అను చిన్న ఫ్రెంచి పట్టణమునకు లూసియన్ తరాదాన్ అనునాయన నగరాధ్యక్షుడు. యుద్ధకాలమున జర్మనుల కెదురునిలిచి, బూఖెన్వాల్డ్ నిర్బంధశిబిరమున జెఱ ననుభవించి, ప్రాణములతో వచ్చినవాడు. 1950లో జర్మనీయందలి లూడ్విగ్స్‌బుర్గ్ పట్టణముతో దన పట్టణమునకు జెలిమి కుదిర్చినవా రందు మొదటివా డీయనయే. చెఱ వెడలిన యైదేండ్లకే చెఱబెట్టిన దేశమునకు జేయి చాచిన యా మనస్సెట్టిదో మే మూహింపజాలకున్నాము. నేడట్టి జంట పట్టణములు రెండువేలకు మించి యున్నవి.

ఇక బహుమానముల మాట. ఒడంబడికకు నిరువదియైదేండ్లు నిండిన 1988లో ద గోల్, అడెనవర్ల పేర నుభయప్రభుత్వములును నొక బహుమానము నెలకొల్పెను. ఉభయదేశముల సహకారమునకు బాటుపడినవారికి దాని నిత్తురు. 2016 నుండి ఆ రెండు దేశముల విదేశాంగమంత్రులును గలిసి, మానవహక్కులకును న్యాయపాలనకును బోరాడువారికి వేఱొక బహుమానము నొసగుచున్నారు. తమ రెండు దేశములును నమ్మిన ధర్మము లివియని లోకమునకు జాటుటయే దాని యుద్దేశము.

బహుమానములన్నచో మాకు బడి జ్ఞప్తికి వచ్చును. మా యింటివారు ఉపాధ్యాయులు. ఏటేట వార్షికోత్సవమున సత్ప్రవర్తనకు నొక బహుమతి యుండును. అది తఱచుగా నెదురుప్రశ్న వేయని పిల్లవానికే పోవుచుండును. "మాస్టారూ, లెక్క తప్పినది" అని నల్లబల్ల చూపిన పిల్లవానికి వచ్చినట్లు మేము వినలేదు. దేశములిచ్చు స్నేహబహుమానములును నిట్టివే యగునా యను శంక మాకు గలిగినది. దానికి గారణము బేయాటె క్లార్స్‌ఫెల్డ్ అను నొక స్త్రీ చరిత్రము.

ఈమె 1939లో బెర్లినులో బుట్టెను. తండ్రి యుద్ధమున జర్మను సైనికుడు. 1960లో, ఇరువదియొక్క యేండ్ల ప్రాయమున, ఫ్రెంచి యిండ్ల బిడ్డలను సాకుచు భాష నేర్చుకొనుటకై పారిసు చేరెను. అచట సెర్జ్ అను యూదు యువకుని బెండ్లాడెను. ఆతని తండ్రిని 1943లో నీస్ పట్టణమున జర్మనులు పట్టుకొనిపోయి ఆష్విట్జ్ శిబిరమున జంపిరి. సైనికుని కూతురు, హతుని కుమారుడు! ఉభయదేశముల మైత్రికి నింతకంటె మూర్తి యేది? యువజన కార్యాలయమునకే ఈమె కార్యదర్శినియై కొలువు చేయుచుండెను.

1966లో కుర్ట్ గెయోర్గ్ కీసింగర్ పశ్చిమజర్మనీకి ఛాన్సలరయ్యెను. ఆయన 1933లోనే నాజీకక్షలో జేరి, యుద్ధకాలమున విదేశాంగశాఖలో బరదేశములకు రేడియోప్రచారము సాగించిన విభాగమున నుద్యోగించినవాడు. యుద్ధానంతరపు విచారణలో నాయనను నిర్దోషిగా విడిచిరి. అట్టివాడు దేశమున కధిపతి యగుట తగదని బేయాటె "కోంబా" యను ఫ్రెంచి పత్రికలో వ్యాసములు వ్రాసెను. 1967లో యువజన కార్యాలయ మామెను గొలువునుండి తొలగించెను. మైత్రికై వెలసిన సంస్థయే ఆమె నోర్వలేకపోయినది! మైత్రికి భంగము గలుగునని కాబోలు వారి భయము.

తొలగించినంతమాత్రమున నామె యూరకుండలేదు. మఱుసటియేడు నవంబరు 7వ తేదీన బెర్లినులో కీసింగర్ కక్షవారి మహాసభ జరుగుచుండగా వేదికపై కెక్కి, "నాజీ" యని కేకవేసి, ఛాన్సలరును జెంపపై గొట్టెను. ఇంట మూడేండ్ల కొడుకు. ఆ దినముననే న్యాయస్థానము ఏడాది చెఱ విధించెను. పిదప దానిని నాలుగునెలలకు దగ్గించి, అమలు జరుపక నిలిపిరి. హైన్రిఖ్ బోల్ అను ప్రసిద్ధ రచయిత ఆమెకు గులాబీలు పంపెను. గ్యున్టర్ గ్రాస్ అను నింకొక రచయిత ఆమె చేతను నిందించెను. పెద్దలపై జేయిచేసికొనుట మాకును సమ్మతము గాదు. కాని వ్రాసినపుడు వినక కొలువు దీసినవారికి, కొట్టినపుడు మర్యాద బోధించు నధికార మెంత గలదో సోదరీమణులే చెప్పవలెను.

రామాయణము చదివినవారికి సుగ్రీవుని కథ తెలియనిది గాదు. అగ్నిసాక్షిగా రామునితో జెలిమి చేసెను. రాజ్యము దక్కినది, వానలు వెలిసినవి, ఆడినమాట మఱచి యంతఃపురమున మత్తుడై యుండెను. లక్ష్మణుడు మండిపడుచు గిష్కింధకు రాగా, తార యెదురేగి తీయనిమాటలతో నాతని జల్లార్చెను. మనవారు తార నేర్పును మెచ్చుదురు, మేమును మెత్తుము. లక్ష్మణుని కోపము లేకున్నచో నా యగ్నిసాక్షికపు జెలిమి గతి యేమయ్యెడిది?

జర్మనీ ఫ్రాన్సుల చెలిమియందును మఱచిన మాట యొకటి కలదు. యుద్ధకాలమున ఫ్రాన్సునుండి డెబ్బదియైదువేలకు బైగా యూదులను శిబిరములకు దరలించిరి. తిరిగి వచ్చినవారు మూడువేలైనను లేరు. పోయినవారిలో బిల్లలే పదునొకండువేలకు మించి యుండిరి. ఈ పని నడపినవారిలో నొకడగు కుర్ట్ లిష్కా యుద్ధానంతరము కొలోను నగరమున స్వంతపేరుతోనే సుఖముగా గాపురముండెను. ఫ్రెంచి న్యాయస్థాన మాతని పరోక్షమున శిక్ష విధించినది. జర్మనీ నాడు తన పౌరుని బరదేశమున కప్పగించెడిది గాదు. ఫ్రెంచివారు విచారించినవానిని జర్మను న్యాయస్థానములు మఱల విచారింపరాదని యుద్ధానంతరపు టొడంబడికయే యడ్డుపడెను. పాపమున కింతకంటె భద్రమైన గూడు దొరకునా? ఈ యడ్డు దొలగించుటకు 1971లో నుభయప్రభుత్వములును గ్రొత్త యొడంబడిక చేసికొన్నను, జర్మను శాసనసభ దాని నామోదించుటకు 1975 వచ్చెను. ఆ నాలుగేండ్లును క్లార్స్‌ఫెల్డ్ దంపతులు నిద్రపోలేదు, ఒకరిని నిద్రపోనీయలేదు. 1980లో కొలోను న్యాయస్థానమున లిష్కాకు బదియేండ్ల చెఱ పడెను.

తప్పు జర్మనులదే యని ఫ్రెంచివారు చేతులు దులుపుకొనుటకును వీలులేదు. 1942 జూలైలో బారిసులో బదుమూడువేలమంది యూదులను, అందు నాలుగువేలకు బైగా బిల్లలను, పట్టి యిచ్చినది ఫ్రెంచి పోలీసులే. 1978లో సెర్జ్ ప్రకటించిన గ్రంథమున బోయినవారి పేర్లు రైలు వెంట రైలుగా వ్రాయబడియున్నవి. ఫ్రెంచి రాజ్యమున కందు బాధ్యత గలదని రాష్ట్రాధ్యక్షుడు జాక్ షిరాక్ 1995 జూలై 16వ తేదీన నొప్పుకొనెను. అంతవఱకు నా మాట ననుటకు నా పదవియందున్న వారెవ్వరికిని నోరు రాలేదు.

2012లో జర్మను రాష్ట్రాధ్యక్షపదవికి వామపక్షమువారు బేయాటెను నిలిపిరి. ఆమెకు 126 వోట్లును, ప్రత్యర్థియగు యోఆఖిం గౌక్‌నకు 991 వోట్లును వచ్చెను. మూడేండ్లకు, 2015లో, జర్మను ప్రభుత్వము తన దేశపు గౌరవపతకమును బేయాటెకును సెర్జ్‌నకును బారిసులోని తన రాయబారి చేతులమీదుగా నొసగెను. ఆమెకు నప్పుడు డెబ్బదియారేండ్లు, చెంపదెబ్బకు నలువదియేడేండ్లు. ఆ పతకమును ప్రసాదించు నధికారము రాష్ట్రాధ్యక్షునిది. నా డా పదవియం దున్నవాడు గౌక్. దేశము నేలుచున్నది కీసింగర్ కక్ష.