రెండు కళ్లకూ ఆనని మాదిగవాడ (ఆరో భాగం)



పోటీ పరీక్షల పుస్తకాల్లో నిజాం రాజ్యం గురించి రెండు మాటలు ఖాయంగా ఉంటాయి. దివానీ, సర్ఫేఖాస్, పాయిగా, జాగీరు అని అధికారం పంచుకుని ఉండేదన్నది ఒకటి. హిందువులూ ముస్లింలూ నాకు రెండు కళ్లని నిజాం అన్నాడన్నది ఇంకొకటి. చదవండి, మార్కులు తెచ్చుకోండి. కానీ మన ముత్తాతలు ఏ అధికారానికి మొరపెట్టుకున్నారో, ఏ కంటికి ఆనారో కూడా అడగండి.

వికారాబాద్ అన్న పేరే పాయిగా అమీరు వికారుల్ ఉమ్రాది. పాయిగాలో పన్నులు, పోలీసులు, కోర్టులు అమీరువే. 1874లో హైదరాబాద్ నుంచి వాడి దాకా రైలు పడింది. శంకర్‌పల్లి, వికారాబాద్, తాండూరు మీదుగా పోయే ఆ పట్టాల మీద అధికారం బ్రిటిష్ వాళ్లు తీసుకున్నారు. రైలెక్కితే ఒక సర్కారు, దిగితే ఇంకో సర్కారు.

1895లో శంకర్‌పల్లి స్టేషన్లో మహమ్మద్ యూసుఫుద్దీన్ అనే నిజాం ప్రజను సిమ్లా మేజిస్ట్రేటు వారంటు మీద పట్టుకున్నారు. కేసు లండన్ ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. రైల్వే కోసం ఇచ్చిన అధికారాన్ని రైల్వేతో సంబంధం లేని కేసుకు వాడటం చెల్లదని 1897లో తీర్పొచ్చింది. మంచి తీర్పే. అధికారానికి హద్దు గీస్తే మనిషికి రక్షణ దొరుకుతుందని మన రైలు లైనే రుజువు చేసింది.

మరి ఆ పట్టాల పక్క ఊళ్లలో వెట్టి చేసిన మాదిగకు ఆ హద్దు ఎందుకు పనికిరాలేదు? పటేలు, పట్వారీ పిలిస్తే పోవాలి. అధికారుల సామాను మోయాలి. చెప్పులు, మోట తొండాలు కుట్టివ్వాలి. కూలి అడగొద్దు. ఎవరికి చెప్పుకోవాలి? పాయిగా కోర్టుకా? అది వికారుల్ ఉమ్రాది. దివాన్‌కా? 1895లో దివాన్ కూడా ఆయనే. రెసిడెంటుకా? అది సంస్థానం ఇంటి వ్యవహారం. పైగా జనం మతంలో వేలు పెట్టబోమని 1858 ప్రకటనలోనే విక్టోరియా రాణి మాటిచ్చింది.

కిటుకంతా ఇక్కడే ఉంది. గుడికి ఇనాం, మసీదుకు ఇనాం, ఒకరి జోలికి ఒకరు రావద్దు. దాన్నే మతసహనం అన్నారు. అంటరానితనాన్ని మతం ఖాతాలో, వెట్టిని ఊరి ఆచారం ఖాతాలో రాశారు. అన్ని సర్కార్లూ సహించింది మనల్ని కాదు, మన మీద జరిగే దౌర్జన్యాన్ని.

ఇలా రాస్తే కాషాయం వాళ్లకు బలమిచ్చినట్టు కాదా అని కొందరు తమ్ముళ్లు అడుగుతారు. కాదు. వాళ్లు నిజాంను తిట్టేది ముస్లిం అని. వెట్టి చేయించుకున్న దొరలు, దేశ్‌ముఖ్‌లు ఎక్కువమంది హిందువులే, ఆ సంగతి మాత్రం వాళ్లు ఎత్తరు. మనం అడుగుతున్నది పాలకుడి మతం గురించి కాదు, వెట్టి గురించి.

మెథడిస్టు మిషన్ వికారాబాద్, తాండూరు పల్లెలకు వచ్చాక మనవాళ్లు ఎందరో బడిలో అక్షరాలు దిద్దారు, ప్రార్థనలో పక్కపక్కన కూర్చున్నారు. దేవుణ్ణి మార్చుకోనిచ్చింది ఆ సహనం. బావి, భూమి మాత్రం ముట్టుకోనివ్వలేదు.

జాగీర్లు 1949లో రద్దయ్యాయి. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 25వ అధికరణం మతస్వేచ్ఛ ఇస్తూనే, హిందూ గుడి తలుపులు అందరికీ తెరిపించే అధికారం రాజ్యానికి ఉంచింది. సహనం పేరుతో కులాన్ని కాపాడొద్దని అర్థం. అదే 1950లో వచ్చిన ఎస్సీ ఉత్తర్వు మూడో పేరా ఆ తలుపే మళ్లీ వేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సందిచ్చారు. క్రైస్తవ, ముస్లిం దళితులకు ఇవ్వలేదు. ఒకే తాత మనవళ్లు. ఒకడి సర్టిఫికెట్ మీద ఎస్సీ, చర్చికి పోయే వాడి సర్టిఫికెట్ మీద బీసీ-సీ. ఊళ్లో మాత్రం ఇద్దర్నీ పిలిచేది ఒకే కులం పేరుతో.

ప్రభుత్వం అంటుంది కోర్టులో ఉందని. కమిషన్ చూడాలని కూడా అంది. అధికారాల విభజన మన దాకా వచ్చేసరికి ఇప్పటికీ ఒకరి మీద ఒకరు నెట్టుకోవడమే.

మూడో పేరా పోవాలి. అదనంగా వచ్చే జనానికి తగ్గట్టు కోటా పెరగాలి, ఉన్న ఎస్సీల వాటా తగ్గకూడదు. హాస్టళ్లలో, చర్చిల్లో, అంబేద్కర్ సంఘాల్లో ఈ మాట కలిసి మాట్లాడండి. మనల్ని సహించమని ఎవర్నీ అడుక్కోవద్దు. హక్కు అడుగుదాం.

జై భీమ్.