దశావతారాల పేక

పేక అనగానే మన యిళ్ళలో పెద్దలు మొగం చిట్లిస్తారు. పండుగనాడు కాసేపు రమ్మీ వేసుకుంటే సరే, తక్కిన రోజుల్లో అది పనిలేనివాళ్ళ వ్యాపకమని పేరు. ఆఫీసు భోజన విరామంలో మేమూ ఇస్పేటు, ఆఠీను యెరిగినవాళ్ళమే. అయితే యీ నెల చెప్పబోయే పేకలో ఇస్పేటు రాజు లేడు, మత్స్యమూర్తి వున్నాడు.

దీని పేరు గంజీఫా. బాబరు 1527లో సింధుదేశపు ప్రభువు షా హసనుకు ఒక గంజీఫా పంపినట్లు తన చరిత్రలో వ్రాసుకున్నాడు. మొగలాయీల పేకలో ముక్కలు 96. మనవాళ్ళు దానిని దశావతారాలకు మలచి, పది రంగులు, రంగుకు పన్నెండు వంతున 120 చేశారు. ప్రతి రంగుకూ అవతారమూర్తే రాజు, తరువాత మంత్రి, ఆపైన ఒకటి మొదలు పదివరకు అంకెలు. మత్స్యానికి చేప, నృసింహునికి చక్రం, వామనునికి కమండలం, పరశురామునికి గొడ్డలి గుర్తులు. ఒరిస్సా పేకలలో బుద్ధుని స్థానంలో జగన్నాథుడే కూర్చుంటాడు! ముక్కలు గుండ్రనివి. పాతగుడ్డ పొరలకు చింతగింజల జిగురు పట్టించి, సుద్ద పూసి, రంగులు వేసి, లక్కతో మెరుగు పెట్టేవారు. మన నిర్మల నకాషీలు కూడా వీటిని చిత్రించినవారే.

ఆటలో తురుపు లేదు. ముగ్గురు కూర్చుంటే తలా 40 ముక్కలు. సగం రంగులలో పది పెద్ద, ఒకటి చిన్న. తక్కిన సగంలో ఒకటి పెద్ద, పది చిన్న. రాజు పడిపోయిన రంగులో మంత్రికి యెదురులేదు. అందుచేత యెవరు యేది వేశారో గుర్తుంచుకోవడమే ఆటంతా. పగలైతే రాముడున్నవారు, రాత్రయితే కృష్ణుడున్నవారు ముందు వేయాలన్నది ఒక పద్ధతి. ఇంతకంటె ముచ్చటైన నియమం మరే పేకలోనైనా వుందా?

మన సీమకు యిది మరీ దూరపుది కాదు. క్రిష్ణగిరి 1792 వరకు, హోసూరు 1799 వరకు శ్రీరంగపట్నపు యేలుబడిలోనివి. ఆ తరువాత మైసూరునేలిన ముమ్మడి కృష్ణరాజ ఒడయరు (1794–1868) తన శ్రీతత్త్వనిధిలో కౌతుకనిధి అనే భాగం యీ ఆటలకే కేటాయించాడు. అక్కడ దీని పేరు ఛదం, అనగా ఆకు. ఆయన కల్పించిన ఆటల్లో 360 ముక్కలదీ వుంది. అన్ని ముక్కలు పంచేసరికే తెల్లవారుతుందేమోనని మా అనుమానం.

అచ్చుపేక చౌకగా దిగేసరికి చేతిపేక కూలబడింది. ఇప్పుడు సావంతవాడిలోనూ, బెంగాలు విష్ణుపురంలోనూ, మైసూరులోనూ చిత్రించేవారున్నారు, కొనేవారూ వున్నారు. కొన్నవారు అద్దం బిగించి గోడకు తగిలిస్తున్నారు. బొమ్మ నిలిచింది, ఆట పోతున్నది. మాకు బాధ అక్కడే. 1993లో అమెరికాలో మొదలైన మాయావుల పేకల వంటివాటిని పొట్లాలుగా కొని, మన పిల్లలు ఒక్కొక్క ముక్క శక్తియేమిటో గడగడ అప్పజెప్పగలరు. కూర్మావతారం తరువాత యేదంటే మాత్రం నీళ్ళు నములుతారు. దోషం పిల్లలది కాదు. వాళ్ళ చేతికి ఆటగా యిచ్చినవారెవరు?

పెళ్ళిళ్ళ కాలం పోగానే ప్రతి యింటా శుభలేఖల కట్ట మిగులుతుంది. గట్టి అట్ట, ఒకవైపు ఖాళీ. కాఫీలోటా బోర్లించి గీసి 120 బిళ్ళలు కత్తిరించండి. రాజులు పదిమందిని పెద్దవాళ్ళు గీయాలి. చేపలు, గొడ్డళ్ళు పిల్లలే గీస్తారు. నలభై ముక్కలు చిన్నచేతుల్లో పట్టవు గనుక చాప పరచి, యెవరి ఒడిలో వారు దాచుకోవాలి. ఇంట్లో అమ్మమ్మకో తాతయ్యకో పాత పద్ధతి యేదైనా జ్ఞాపకముంటే, ఆట మొదలుపెట్టకముందే అడిగి కాగితంమీద పెట్టించండి.