మేకుకు వేలాడే కవరు

రాయదుర్గంలో చాలా ఇళ్లలో గోడకో మేకు, ఆ మేకుకో ప్లాస్టిక్ కవరు ఉంటుంది. అందులో ఎక్స్‌రే, మందుల చీటీలు, ఈసీజీ పట్టీ, ఎప్పటిదో కరెంటు బిల్లు! జ్వరమొస్తే ఊళ్లోనే చూపించుకుంటారు. పెద్ద జబ్బయితే అనంతపురం, లేదా రాష్ట్రం దాటి 50 కిలోమీటర్ల దూరంలోని బళ్లారి. అక్కడా కాదంటే బెంగళూరు. ఎక్కడికెళ్లినా డాక్టరు అడిగేది ఒకటే: ‘పాత కాగితాలేవీ?’ వెతికితే బిల్లు దొరుకుతుంది, రిపోర్టు దొరకదు. రక్తపరీక్ష మళ్లీ, స్కానింగూ మళ్లీ. జీన్స్ ప్యాంట్లు కుట్టి బతికే ఇంటికి ఆ ఖర్చే భారం. డబ్బు సంగతి అలా ఉంచితే, ఒంటికి పడని మందు పేరు కూడా ఆ పోయిన కాగితంలోనే ఉండొచ్చు.

అడిగితే ఆస్పత్రివాళ్లు ఇస్తారా? ఇవ్వాలి. భారత వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం, ఆస్పత్రిలో చేరిన రోగి రికార్డులను చికిత్స మొదలైన రోజు నుంచి 3 ఏళ్లు భద్రపరచాలి. రోగి గానీ, రోగి తరఫున అధికారమున్న మనిషి గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. దేశమంతటికీ ఇదే నియమం కాబట్టి బళ్లారికీ వర్తిస్తుంది. బిల్లు కట్టి బయటపడే హడావిడిలో ఈ సంగతి ఎవరికి గుర్తుంటుంది! తెల్లకాగితం మీద పేరు, ఐపీ నంబరు, చేరిన తేదీ రాసిచ్చి, రెండో ప్రతి మీద అందినట్టు సంతకం తీసుకుంటే మంచిది. డిశ్చార్జి సమ్మరీతో సరిపెట్టుకోకుండా ఆపరేషన్ వివరాలు, బయాప్సీ రిపోర్టు కూడా అడగాలి.

ఒక మెలిక ఉంది. పై నిబంధన చేరిన రోగులకే. ఓపీలో చూపించుకుని వచ్చినవాళ్ల చీటీ వాళ్లే దాచుకోవాలి.

2021 సెప్టెంబరులో దేశమంతటా మొదలైన డిజిటల్ ఆరోగ్య పథకంలో 14 అంకెల ‘ఆభా’ నంబరు ఇస్తున్నారు. నంబరొస్తే పాత రిపోర్టులన్నీ వాటంతటవే వచ్చేస్తాయనుకుంటారు. రావు. ఆస్పత్రి జతచేయాలి, లేదా రోగే ఫొటో తీసి ఎక్కించుకోవాలి. డాక్టరు వాటిని చూడాలంటే రోగి ఒప్పుకోవాలి. ఎన్నాళ్లు చూడొచ్చో చెప్పొచ్చు, ఇచ్చిన అనుమతిని వెనక్కీ తీసుకోవచ్చు. వాట్సాప్‌లో ఆ వెసులుబాటేదీ? బంధువుల గ్రూపులో పెట్టిన ఆడపిల్ల రిపోర్టు పెళ్లిసంబంధం వాళ్ల ఫోను దాకా పోయినా ఆశ్చర్యం లేదు.

ముందు ఆ కవరు కిందికి దించండి. ఈసీజీ పట్టీ మీది గీతలు వేడికి వెలిసిపోతాయి. ఎండలు ముదరకముందే జిరాక్సు తీయించి, వెనక తేదీ రాసి పెట్టండి.