బాయికి మ్యాపు ఉంది, బస్తీకేదీ?

నీరు పల్లమెరుగు అన్నారు మన పెద్దలు. ఆ పల్లంలో ఎవరుంటారన్నది మాత్రం చెప్పలేదు. ఏ పట్టణం చూసినా మిట్ట మీద జాగా ఖరీదు ఎక్కువ, పల్లంలో తక్కువ. వాగు ఒడ్డున, చెరువు శిఖంలో, రైలు కట్ట పక్కన ఇంకా తక్కువ. కాబట్టి వాన నీళ్ళు చివరికి చేరేచోట పేదల ఇళ్ళే ఉంటాయి. వరద వచ్చిన ప్రతిసారీ 'ప్రకృతి వైపరీత్యం' అని చెప్పి చేతులు దులుపుకోవడం మనకు అలవాటైపోయింది. వాన కురిపించింది ప్రకృతే, ఒప్పుకుంటాం. కానీ ఆ వాన నీటి దారిని మూసింది ఎవరు? ఈ సంచికలో మేము అడగదలచిన ప్రశ్న ఇదే.

మాది బెల్లంపల్లి, బొగ్గుబాయిలతో పెరిగిన ఊరు. ఇక్కడ చాలా గనులు మూతపడినా మా ఇళ్ళలో ఇప్పటికీ బాయి ముచ్చట్లే. ఆ ముచ్చట్లలో బొగ్గు గురించి ఎంత ఉంటుందో నీళ్ళ గురించీ అంతే ఉంటుంది. భూమి లోపల ఊట ఊరుతూనే ఉంటుంది. దాన్ని సంపులోకి మళ్ళించి, పంపులతో పైకి తోడిపోస్తేనే పని నడుస్తుంది. అందుకే బాయిలో నీటికి లెక్క ఉంటుంది, మ్యాపు ఉంటుంది. పాత పనుల్లో నీళ్ళు నిలిచిన చోట్లను పటంలో గుర్తించాలనీ, అలాంటి చోటికి 60 మీటర్ల దగ్గరికి పని చేరితే ప్రత్యేక అనుమతి లేకుండా ముందుకు పోరాదనీ బొగ్గుగనుల నిబంధనలు చెబుతాయి. నీటిని లెక్కచేయకపోతే ఏమవుతుందో బొగ్గు బెల్టుకు ఎవరూ చెప్పనక్కర లేదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీళ్ళు ఒక్కసారిగా ముంచుకొచ్చి 17 మంది కార్మికులు జలసమాధి అయ్యారు. ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ ఇక్కడి గుండెలు బరువెక్కుతాయి.

భూమి లోపలి నీటికి ఇంత లెక్క ఉన్నప్పుడు భూమి మీది నీటికి లెక్క ఎందుకు లేదు? మన పట్టణాల్లో ఏ మోరీ ఏ కాలువలో కలుస్తుంది, ఆ కాలువ ఏ వాగులో పడుతుంది, మధ్యలో ఎన్ని తూములున్నాయి, ఏ తూము పూడిపోయింది అని అడిగితే పటం తీసి చూపించేవాళ్ళు ఎంతమంది ఉన్నారు? చాలాచోట్ల ఆ సంగతి ఒక పాత మేస్త్రీకో, ఏళ్ళ తరబడి మోరీలు తీసిన ఒక కార్మికుడికో మాత్రమే తెలిసి ఉంటుంది. ఆయన రిటైరైతే ఆ జ్ఞానం కూడా ఆయనతోనే పోతుంది.

లెక్క పెద్ద కష్టమేమీ కాదు. పదో తరగతి విద్యార్థి వేయగలిగిందే. ఒక ఎకరం నేల మీద ఒక సెంటీమీటరు వాన పడితే సుమారు 40 వేల లీటర్ల నీళ్ళవుతాయి. పది సెంటీమీటర్లు పడితే నాలుగు లక్షల లీటర్లు. ఆ నేల చెలకగానో చెట్లతోనో ఉంటే కొంత నీరు ఇంకుతుంది, కొంత మెల్లగా పారుతుంది. అదే ఎకరం సిమెంటు రోడ్లతో, స్లాబులతో నిండిపోతే దాదాపు మొత్తం నీరు ఒక్కసారిగా మోరీ మీద పడుతుంది. ఊరు చిన్నగా ఉన్నప్పుడు కట్టిన మోరీ ఊరు పెరిగినా అంతే వెడల్పు ఉంటే, మిగిలిన నీళ్ళు ఇళ్ళలోకి రాక ఎక్కడికి పోతాయి?

ఇంకో సంగతి. మోరీ ఎంత బాగా కట్టినా దాని చివర సరిగా లేకపోతే ఫలితం ఉండదు. దీనికి మన జిల్లాలోనే సాక్ష్యం ఉంది. 2022 జూలైలో గోదావరి ఉప్పొంగినప్పుడు మంచిర్యాలలో రాళ్ళవాగు నీళ్ళు నదిలో కలిసే దారిలేక వెనక్కి తన్నాయి. ఒడ్డున ఉన్న కాలనీలు మునిగాయి. నది దగ్గర కట్టిన మాతాశిశు ఆస్పత్రిలోకి నీళ్ళు రావడంతో బాలింతలనూ పసిపిల్లలనూ వేరేచోటికి తరలించాల్సి వచ్చింది. ఆస్పత్రి కట్టేముందు నీటి మ్యాపు ఒక్కటి బల్ల మీద పరచి చూసి ఉంటే ఆ తల్లులకు ఆ కష్టం తప్పేది కాదా?

రాజధాని కథ కూడా ఇంతే. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరదలో హైదరాబాద్‌లో వేలాదిమంది చనిపోయారు. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన ఊళ్ళో గోడలు కట్టడంతో సరిపెట్టలేదు. నీళ్ళు వచ్చే దారిని పైనుంచీ పరిశీలించి, నగరానికి ఎగువన జలాశయాలు కట్టాలన్నారు. ఊళ్ళో భూగర్భ డ్రైనేజీ కావాలన్నారు. అలా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. కానీ తర్వాతి కాలంలో ఊరు చెరువుల్లోకీ నాలాల్లోకీ పాకింది. 2000 ఆగస్టులో ఒక్కరోజే 24 సెంటీమీటర్ల వాన పడి నగరం అల్లకల్లోలమైంది. 2020 అక్టోబర్‌లో మళ్ళీ బస్తీలకు బస్తీలు మునిగాయి. ఇరవై ఏళ్ళ తేడాతో అదే పాఠాన్ని రెండుసార్లు చదవాల్సి వచ్చింది.

ఇది మన ఒక్కరి బాధ కాదు. ఆఫ్రికా ఖండంలోని నగరాలు కూడా మనలాగే తొందర తొందరగా పెరుగుతున్నాయి, మనలాగే మునుగుతున్నాయి. ఘనా రాజధాని అక్రాలో 2015 జూన్ 3న కుండపోత వాన కురిసింది. చెత్తతో, ప్లాస్టిక్‌తో నిండిన కాలువలు పొంగాయి. వానకు తడవకుండా ఒక పెట్రోలు బంకు కింద నిలబడ్డ జనం, ఆ బంకు పేలడంతో మంటల్లో చిక్కుకున్నారు. ఆ రాత్రి 150 మందికి పైగా ప్రాణాలు పోయాయి. మోరీలో పడేసిన కవరు మోరీలోనే ఉండిపోదని, ఎవరి ప్రాణం మీదికో వస్తుందని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

అదే ఖండం నుంచి నేర్చుకోదగ్గ మంచి కూడా ఉంది. టాంజానియాలోని దార్ ఎస్ సలామ్ నగరంలో వరద ముంచే బస్తీలకు సరైన పటాలే లేవు. 2015లో 'రమాని హురియా' అనే పని మొదలైంది. స్వాహిలీ భాషలో ఆ మాటకు 'అందరికీ తెరిచిన పటం' అని అర్థం చెప్పుకోవచ్చు. అక్కడి విశ్వవిద్యాలయ విద్యార్థులు, బస్తీ జనం కలిసి వీధి వీధీ తిరిగారు. ఇళ్ళు, దారులు, మోరీలు అన్నిటినీ గుర్తించారు. గత వరదలో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో ఇంటివాళ్ళనే అడిగి రాసుకున్నారు. ఎవరైనా చూడగలిగే పటం తయారుచేశారు. పెద్ద చదువులు చదివిన ఇంజనీర్లు దూరంనుంచి చూస్తే దొరకని వివరాలు, అక్కడే పుట్టిపెరిగిన పిల్లలకు దొరికాయి. మరి మనం మాత్రం ఎందుకు చేయలేం?

మ్యాపుతో పాటు మరో మాట చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణమే. మోరీ నిండితే అందులోకి దిగేది ఎవరు? ఎక్కువమంది మన వాడల నుంచి వచ్చినవాళ్ళే. బాయిలోకి దిగే కార్మికుడికి తలమీద టోపీ ఉంటుంది, దానికి లైటు ఉంటుంది, ముందుగా గ్యాసు పరీక్షించే మనిషి ఉంటాడు, లోపలికి గాలి పంపే ఏర్పాటు ఉంటుంది. మ్యాన్‌హోల్‌లోనూ విషవాయువులే ఉంటాయి. కానీ అందులోకి ఒంటిమీద బనియనుతో, నడుముకు తాడుతో దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు ఎందరో. రక్షణ లేకుండా మనిషిని మురుగులోకి దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. 1993 నుంచి ఇలా చనిపోయినవారి కుటుంబాలకు పది లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2023 అక్టోబర్‌లో ఆ పరిహారాన్ని ముప్పై లక్షలకు పెంచింది. ఈ పోరాటం చేసిన సఫాయి కర్మచారి ఆందోళన్‌కు వెన్నుదన్నుగా నిలిచినవారు, మన సంక్షేమ హాస్టళ్ళ పిల్లలు ఎన్నడూ మరువకూడని ఎస్.ఆర్. శంకరన్ గారు. ఆ ఉద్యమ నాయకుడు బెజవాడ విల్సన్ మరో గనుల ఊరైన కోలార్ గోల్డ్‌ఫీల్డ్స్‌లో పుట్టిన తెలుగు బిడ్డ. కాబట్టి డ్రైనేజీ అంటే సిమెంటు, ఇసుక లెక్క మాత్రమే అనుకోలేం. అది మనిషి గౌరవానికి సంబంధించిన లెక్క కూడా.

"నీటి దారిలో కట్టిన ఇళ్ళు కూల్చేస్తే సరిపోతుంది కదా" అని కొందరంటారు. మేము ఒప్పుకోలేం. పేదవాడు వాగు ఒడ్డున సరదాకు గుడిసె వేసుకోలేదు. వేరే చోటు లేక వేసుకున్నాడు. ముందు అతనికి పని దొరికే దూరంలో ఇల్లు చూపించాలి, తర్వాతే గుడిసె తీయాలి. చెరువును పూడ్చి ప్లాట్లు అమ్ముకున్న పెద్దల దగ్గర మొదలుపెట్టని న్యాయం గుడిసె దగ్గర మొదలుపెడితే అది న్యాయమెలా అవుతుంది? మరికొందరు "నిధులెక్కడివి?" అంటారు. మునిగాక ఇచ్చే నష్టపరిహారానికి, కొట్టుకుపోయిన రోడ్లకు పెట్టే ఖర్చులో కొంతైనా ముందే పెడితే చాలు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఎప్పుడూ ఎక్కువ ఖర్చే.

మేము కోరేది గొంతెమ్మ కోరికలేమీ కాదు. ప్రతి పట్టణానికీ నీటి దారుల మ్యాపు ఉండాలి, అది బీరువాలో కాకుండా వార్డులో గోడమీద ఉండాలి. వానాకాలం రాకముందే పూడిక తీయాలి. తీసిన పూడికను మోరీ గట్టునే పోస్తే మొదటి వానకే మళ్ళీ లోపల పడుతుంది, కాబట్టి అదేరోజు ఎత్తిపోయాలి. మురుగు నీటికీ వాన నీటికీ వేరువేరు దారులుండాలి. లోతైన చోట యంత్రం దిగాలి, మనిషి దిగకూడదు. ఓపెన్‌కాస్టుల మట్టి కుప్పల నుంచి కొట్టుకొచ్చే ఒండ్రు వాగుల్లో చేరకుండా చూడాలి.

ఇక మన వంతు. తెలంగాణ మున్సిపాలిటీల చట్టం, 2019 ప్రకారం ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలుండాలి. వాటిలో ఒకటి యువజనులది. మన అన్నలు, అక్కలు అందులో చేరాలి. వచ్చే వేసవి సెలవుల్లో మనం ఎవరి వాడలో వాళ్ళం ఒక నోటుబుక్కు, ఒక టేపు పట్టుకుని బయలుదేరుదాం. మోరీ వెడల్పెంత, లోతెంత, ఎటు పారుతుంది, ఎక్కడ పూడింది, పోయిన వానకు ఎవరి ఇంట్లో ఎన్ని జానల నీళ్ళు నిలిచాయి అన్నీ రాద్దాం. వాడలోని పెద్దమనుషులనూ, సర్వేయర్లుగా, పంపుల మీద పనిచేసి దిగిపోయిన కార్మికులనూ అడుగుదాం. వాళ్ళకు నీళ్ళ గుట్టు తెలుసు. హాస్టల్‌కు తిరిగొచ్చాక ఆ కాగితాలన్నీ ఒకచోట కలిపితే పట్టణం మ్యాపులో సగం పని అయినట్టే. ఆ మ్యాపు చేతిలో పట్టుకుని అడిగితే ఏ ఆఫీసూ మనల్ని ఊరికే వెనక్కి పంపలేదు. వాన మన చేతిలో లేదు. దాని దారి మాత్రం మన చేతిలోనే ఉంది. ఆ పని మనమే మొదలుపెడదాం.